వరహాలమ్మ వడియాలూ దక్షిణామూర్తి గారి కుండీలూ

ఆఁ, ఇటు జరగండి. లాస్యా, నువ్వు గోడవైపు పడుకో. పృథ్వీ, దుప్పటి ఇద్దరికీ ఒకటే ఉంది, లాక్కోకురా. లాక్కుంటే కథ ఆపేస్తాను. కథ మధ్యలో ఊ కొట్టాలి, మరి. ఊ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకుంటున్నానో మీకు చెబుతున్నానో నాకెలా తెలుస్తుంది?

అనగనగనగా ఒక ఊరు. ఆ ఊరి పక్కన సముద్రం. సముద్రానికి ఇవతల ఒక వీధి. ఆ వీధిలో ఒక మేడ. మేడంటే రాజుగారి మేడ కాదు. మేడ మీద మేడ, ఆ మేడ మీద మేడ, దాని నెత్తిన ఇంకో మేడ. నాలుగంతస్తులు, అంతస్తుకి రెండేసి ఇళ్ళు. ఎనిమిది ఇళ్ళకీ కలిపి మెట్లు ఒకటే, మెట్ల చివర డాబా ఒకటే. లిఫ్టూ గిఫ్టూ ఏం లేవు. ఎవరి మోకాళ్ళు వాళ్ళవే.

ఏ ఊరంటావేమే? కాకినాడ. మీ తాతయ్యకి అక్కడికి బదిలీ అయితే మేం ఆ మేడలోనే రెండో అంతస్తులో దిగాం. మీ అమ్మ అప్పటికి ఎనిమిదో తరగతి. అంచేత ఇది నేను ఎక్కడో విన్న కథ కాదు. ఉన్న కథ.

ఏవిట్రా? కథన్నాక రాజు లేడా అంటావా? ఎందుకు లేడు, ఉన్నాడు. జగ్గరాజు గారని కింద ఇంట్లో ఉండేవారు. అసోసియేషన్ ప్రెసిడెంటు. ఆయన రాజ్యం అంతా కాగితాల మీదే. ఎవరు ఏం ఫిర్యాదు చేసినా గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం రాసి మెట్ల దగ్గర గోడకి అంటించేవారు. 'డాబా అందరిదీ' అని ఒక కాగితం అంటించారు. నెల తిరగకుండా 'డాబా మీద ఎవరూ ఏమీ పెట్టరాదు' అని ఇంకో కాగితం అంటించారు. రెండూ పక్కపక్కనే ఉండేవి. మీ తాతయ్య రోజూ ఆఫీసుకెళ్తూ అవి చదువుకుని నవ్వుకునేవారు.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం. నాలుగో అంతస్తులో ఎదురెదురుగా రెండిళ్ళు. ఒక ఇంట్లో వరహాలమ్మ, ఒక ఇంట్లో దక్షిణామూర్తి గారు.

వరహాలమ్మకి మొగుడు చిన్నప్పుడే పోయాడు. వడియాలు పెట్టి, అప్పడాలు ఒత్తి, ఊరమిరపకాయలు ఎండబెట్టి ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. కొడుకు లారీ మీద డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. వాడికి ఆర్నెల్ల కిందటే పెళ్ళయింది. కోడలి పేరు తాయారు. ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు ఆ పిల్ల. అత్తగారి నోరు మాత్రం వీధి చివరి దాకా. ఆవిడ కేకేస్తే కింద రిక్షా అతను నన్నేనా అని తలెత్తి చూసేవాడు.

ఎండాకాలం మూడు నెలలే వరహాలమ్మకి పంట. ఆ మూడు నెలల ఎండతోనే ఏడాదంతా గడవాలి. తెల్లారగట్ల లేచి గుమ్మడికాయ కోరి, పప్పు రుబ్బి, డాబా మీద గుడ్డలు పరిచి వడియాలు పెట్టేది. ఎండ తప్పితే ఆ పిండికి ఇంకో గతి లేదు. మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఊ కొడుతున్నారా? ఊ అనండి మరి.

ఎదురింటి దక్షిణామూర్తి గారు పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ లేని బట్ట కట్టేవారు కాదు. ఆయన భార్య సుందరమ్మ గారు పోయి అప్పటికి మూడేళ్ళు. కూతురు విశాఖపట్నంలో. ఆయనకి మిగిలినవి సుందరమ్మ గారు పెంచిన మొక్కలు. ఇరవై ఒక్క కుండీలు. మందారాలు, కనకాంబరాలు, తులసి, అన్నిటికంటే ముఖ్యం ఒక విరజాజి తీగ. సుందరమ్మ గారు పోయాక ఆ తీగ పూయడం మానేసింది. ఆకుల అంచులు మాడి, ఎండు కొమ్మలు తేలి ఉండేది. ఆయన మాత్రం పొద్దున్నే రబ్బరు గొట్టం పట్టుకుని దానికి నీళ్ళు పెడుతూ, ఏదో మెల్లిగా మాట్లాడుతూ ఉండేవారు. మొక్కతోనో, భార్యతోనో.

ఆ ఇరవై ఒక్క కుండీలూ ఎక్కడ ఉండేవనుకున్నారు? డాబాకి నట్టనడుమ. ఎక్కడైతే పొద్దున్నించి సాయంత్రం దాకా నీడ పడదో, ఎక్కడైతే వడియం ఒక్క రోజులో పెళపెళలాడుతుందో, సరిగ్గా అక్కడ.

వరహాలమ్మ జరపమంది. ఆయన జరపనన్నారు. ఆవిడ రెండు కుండీలు తనే జరిపింది. ఆయన రెండూ తెచ్చి మళ్ళీ మొదటి చోటే పెట్టారు. ఇంకేముంది, మొదలైంది. 

కుండీకి నీళ్ళు పోస్తే నీళ్ళు పారె. నీళ్ళు పారితే వడియం తడిసె. వడియం తడిస్తే కాకి వాలె. కాకి వాలితే కర్ర లేచె. కర్ర లేస్తే కొమ్మ విరిగె. కొమ్మ విరిగితే నోరు లేచె. నోరు లేస్తే మేడంతా లేచె!

రోజూ ఇదే వరస. కుండీ, నీళ్ళు, వడియం, కాకి, కర్ర, కొమ్మ, నోరు, మేడ. కర్రంటే ఏదనుకున్నారు? దండెం మీద చీరలు ఆరేసుకునే పొడుగాటి కర్ర. చివర చిన్న కొక్కెం ఉండేది. వరహాలమ్మ దాంతోనే చీరలారేసేది, దాంతోనే కాకుల్ని తోలేది.

అంత పోట్లాటలో కోడలు తాయారు ఒకసారి అందిట, అత్తయ్యా, ఆ నడుమ ఎండకి ఆయన మొక్కలే మాడిపోతున్నాయి, ఆ చోటు మనకి కావాలి గానీ ఆయనకి పనికిరాదు, అదే మెల్లిగా చెప్పి చూద్దామా అని. వరహాలమ్మ చేతిలో పిండి అలాగే పట్టుకుని, నువ్వు ఎవరింటి కోడలివే అని అడిగిందిట. 

చివరికి ఆ పెద్దాయన ఏం చేశారో తెలుసా? పొద్దున్న ఏడింటికి డాబా ఎక్కి, అవతలి నించి తలుపుకి పై గడియ పెట్టేసుకోవడం మొదలుపెట్టారు. పదకొండింటికి గానీ తియ్యరు. వడియాలు పెట్టే వేళంతా ఆ నాలుగు గంటలే కదా! ఇనప తలుపు. ఇవతల వరహాలమ్మ పిండి గిన్నెతో నిలబడి బాదేది. అవతల ఆయన నీళ్ళు పెట్టుకుంటూ ఉండేవారు.

మొదటి రోజే ఒక పెద్ద గిన్నెడు గుమ్మడి పిండి పులిసిపోయింది. నేను కూరగాయలు కొనుక్కుని వస్తూ చూశాను. వరహాలమ్మ ఆ పిండి తీసుకెళ్ళి వీధి కాలువలో వంచేసి, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కింద మెట్టు మీద కూర్చుంది. అంత నోరున్న మనిషి, నోట మాట లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నేను పాపం అనుకున్నాను. అనుకుని పక్కనించి పైకెళ్ళి మా తలుపు వేసుకున్నాను. నాకెందుకొచ్చిన గొడవ అని. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

జగ్గరాజు గారు కూడా ఏం చెయ్యలేదు. ఇంకో కాగితం అంటించారు.

లాస్యా, పడుకున్నావా? లేదా. సరే. ఇప్పుడు దెయ్యం వస్తుంది. ఉలిక్కిపడకండి, పగటి దెయ్యమే.

వైశాఖ మాసం, ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. పొద్దున్న తొమ్మిది దాటింది. మీ తాతయ్య ఆఫీసుకి తయారవుతున్నారు. నేను బట్టలు తడుపుదామని స్నానాలగదిలోకి వెళ్ళాను. వెళ్ళేసరికి గోడలోంచి టక్... టక్... టక్... అని చప్పుడు. కొళాయి కట్టేసే ఉంది. చప్పుడు ఆగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్ళీ టక్... టక్... టక్.

ఆ మేడకి పైనించి కింద దాకా ఇనప గొట్టాలు. ఎక్కడ తడితే అక్కడంతా మోగుతుంది. ఆ మాట నాకు తెలీదా, తెలుసు. కానీ ఆ క్షణాన నా బుర్రకి తట్టింది వేరు. మా పనిమనిషి నాలుగు రోజుల ముందే చెప్పింది, డాబా మీద ఆ మొక్కల దగ్గర సుందరమ్మ గారు తిరుగుతోందని, అందుకే పెద్దాయన గడియ పెట్టుకుని మాట్లాడుకుంటున్నారని. అదే గుర్తొచ్చింది.  స్నానాలగదికి గొళ్ళెం పెట్టేసి, వెళ్ళి దేవుడి గదిలో కూర్చున్నాను. మీ తాతయ్యకి కూడా చెప్పలేదు, నవ్వుతారని.

నవ్వండి, నవ్వండి. కథలో బుద్ధితక్కువ మనిషి ఒకరు ఉండాలి కదా, అది నేనే.

నేనలా కూర్చున్న వేళకి పైన ఏం జరుగుతోందో వినండి. వరహాలమ్మ డాబా దొరక్క, ఊరమిరపకాయల్ని తన బాల్కనీలోనే చేటల్లో ఎండబెట్టుకుంది. బారెడు జాగా. దానికి సరిగ్గా పైనే డాబా నీళ్ళు పోయే తూము. తొమ్మిదిన్నరకి ఆ తూములోంచి నీళ్ళు ధారగా పడడం మొదలైంది. చేటల మీద, మిరపకాయల మీద. చుక్కలు కాదర్రా, ధార.

ఇంక చూస్కోండి. వరహాలమ్మ బాల్కనీలోకి వచ్చి తలెత్తి అందుకుంది.

"ఏమయ్యా పెద్దమనిషీ! డాబా లాక్కున్నావు చాలదా? నా బాల్కనీ కూడా కావాలా నీకు? నీళ్ళు కట్టు!"

మామూలుగా అయితే పైనించి వెంటనే జవాబు వచ్చేది. ఆయన తక్కువ తినలేదు. ఆవిడ ఒకటంటే ఆయన రెండనేవారు, ఆవిడ రెండంటే ఆయన నాలుగు. మర్యాదగానే అనేవారు గానీ ఒక్క మాట బాకీ ఉంచేవారు కాదు. ఆ రోజు జవాబు రాలేదు.

"వినపడలేదా? చెవుల్లో దూది పెట్టుకున్నావా? మనుషులున్నారిక్కడ!"

జవాబు లేదు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

వరహాలమ్మ మూడోసారి నోరు తెరిచింది. తెరిచి ఆగిపోయింది. తాయారు తర్వాత నాకు చెప్పింది, అత్తయ్య గొంతు అలా తగ్గడం అదే మొదటిసారి విన్నాను పిన్నిగారూ అని.

"దక్షిణామూర్తి గారూ?" అంది వరహాలమ్మ. "బాబుగారూ, ఉన్నారా?"

ఏమీ లేదు. అప్పుడావిడ తడి మిరపకాయలు తొక్కుకుంటూ లోపలికి పరిగెత్తి, తాయారూ, రావే, ఆయనకేదో అయింది, నన్ను తిరిగి తిట్టలేదు అని ఏడుపు గొంతుతో అరిచింది.

ఊ కొట్టండర్రా. ఇక్కడే గట్టిగా కొట్టాలి.

అత్తాకోడళ్ళిద్దరూ మెట్లెక్కి డాబా తలుపు బాదారు. అవతల పై గడియ పెట్టి ఉంది. ఇనప తలుపు, విరగదు. వరహాలమ్మ భుజంతో గుద్దింది. కదల్లేదు. జగ్గరాజు గారిని పిలుస్తాను, గునపం తెస్తారు అని కిందికి ఉరకబోయింది. తాయారు ఆపింది. తలుపు నెత్తిన గోడలో గాలి కోసం చిన్న కిటికీ ఉంది, మనిషి పట్టదు, చెయ్యి పడుతుంది. ఆ పిల్ల ఒక్క క్షణం పైకీ కిందికీ చూసింది. దిగి వెళ్ళి ఇంట్లోంచి రెండు తెచ్చింది. ఒకటి పిండి డబ్బా, ఇంత ఎత్తుది. రెండోది చీరలారేసే కర్ర.

వరహాలమ్మ ఆ డబ్బాని చెప్పుకాలితో దాటనిచ్చేది కాదు, లక్ష్మీదేవి అనేది. తాయారు ఎక్కడానికి సందేహిస్తుంటే ఆవిడే పట్టుకుని, ఎక్కవే, ఎక్కు, లక్ష్మి ఏమీ అనుకోదు అంది. తాయారు డబ్బా ఎక్కి, కిటికీలోంచి కర్ర అవతలికి దూర్చి, కొక్కెంతో గడియ పిడిని తడుముకుంది. ఒకసారి జారింది. రెండోసారి జారింది. మూడోసారి కొక్కెం పడింది. కిందికి నొక్కింది. ఠప్పున గడియ దిగింది.

దక్షిణామూర్తి గారు నీళ్ళ ట్యాంకుకి ఇవతల, నీడ లేని వైపు, ఎర్రటి ఎండలో పడి ఉన్నారు. తడి నేల మీద కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. లేవలేరు, గట్టిగా అరవడానికి ఓపిక లేదు. చేతికి ఒక పగిలిన కుండీ పెంకు దొరికితే దాంతో పక్కనున్న ఇనప గొట్టం మీద కొడుతూ కొడుతూ స్పృహ తప్పుతున్నారు. మొక్కల గొట్టంలోంచి నీళ్ళు తమ దారిన తాము పారుతున్నాయి. వరహాలమ్మ వెళ్ళి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, తన కొంగు నీళ్ళలో తడిపి నొసటి మీద వేసి, ఎండ తగలకుండా తనే అడ్డంగా కూర్చుంది. తాయారు కిందికి అరిచింది. ఆ పిల్లకి గొంతుందని మేడలో అందరికీ ఆ రోజే తెలిసింది.

మీ తాతయ్య అప్పుడే మెట్లు దిగుతున్నారు, వెనక్కి తిరిగి పరిగెత్తారు. జగ్గరాజు గారు బనీనుతోనే వచ్చారు. మడత మంచం మీద పెద్దాయన్ని పడుకోబెట్టి, నలుగురు నాలుగు కోళ్ళు పట్టుకుని దింపడం మొదలుపెట్టారు. దింపితే దిగుతుందా!

మూడో అంతస్తుకి వస్తే మెట్ల మలుపులో చెప్పుల స్టాండు అడ్డం. మంచం ఆగింది. చెప్పులవాళ్ళు పరిగెత్తుకొచ్చి చెప్పుల స్టాండు లోపలికి లాక్కున్నారు. మంచం కదిలింది. ఇంకో నాలుగు మెట్లు దిగితే పాత సైకిలు అడ్డం. సైకిలువాళ్ళొచ్చి సైకిలు ఎత్తుకున్నారు. మంచం కదిలింది. రెండో అంతస్తుకి వస్తే ఒక నీళ్ళ డ్రమ్ము అడ్డం. మంచం ఆగింది. డ్రమ్ము ఎవరిది? నాదే. కొళాయి రాని రోజుకి పనికొస్తుందని నిండా నింపి మెట్ల మీద పెట్టుకున్నాను. అది జరగదు. మీ తాతయ్య ఒక చేత్తో మంచం పట్టుకుని నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తు. అప్పుడు నేనూ, మీ అమ్మా కలిసి ఆ డ్రమ్ముని మా గుమ్మంలోకే బోర్లా తోసేశాం. ఇల్లంతా నీళ్ళు. మంచం కదిలింది. చిట్టచివర కింద, జగ్గరాజు గారి గుమ్మం ముందు ఆయన స్కూటరు అడ్డం. ఆయన చేతిలో మంచం కోడు ఉంది. వాళ్ళావిడే వచ్చి స్కూటరు పక్కకి తోసింది.

అంతా అయ్యి రిక్షాలోంచి ఆటోలోకి, ఆటోలోంచి ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర. డాక్టరు చూసి, ఇంకో గంట ఆ ఎండలో ఉంటే దక్కేవారు కాదు అన్నారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నది నెలా పది రోజులు. విశాఖపట్నం నించి కూతురు వచ్చి దగ్గరుంది. మరి మొక్కల సంగతో? గడియ లేదు, అడ్డం లేదు, డాబా అంతా వరహాలమ్మదే. ఆవిడ కావాలంటే కుండీలన్నీ ఓ మూల పడేసి ఊరుకోవచ్చు. కానీ మర్నాడు పొద్దున్న నేను పైకెళ్ళి చూద్దును కదా, అదే గొట్టం పట్టుకుని వరహాలమ్మ ఒక్కో కుండీకీ నీళ్ళు పెడుతోంది. పెడుతూ మొక్కల్ని కూడా తిడుతోంది. మీ బాబు అక్కడ మంచాన పడితే మీరిక్కడ తాగుతూ కూర్చోండి అని.

నాలుగు రోజులు పోశాక తాయారు మళ్ళీ అదే మాట ఎత్తింది. అత్తయ్యా, ఎన్ని నీళ్ళు పోసినా ఈ ఎండకి నిలవ్వు, చూడండి, విరజాజి మొదలు దాకా ఎండుతోంది అని. ఆ పిల్ల అప్పటికే రెండు రోజులు డాబా మీద కూర్చుని, సుద్దముక్కతో నీడ ఎక్కడెక్కడ పడుతోందో గీతలు గీసింది. ట్యాంకుకి అవతలి పక్కన పొద్దున్న కాసేపు ఎండ తగిలి, పదింటి నించి చల్లటి నీడ. మొక్కలకి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ వరహాలమ్మకి భయం పట్టుకుంది. ఆయన లేనప్పుడు జరిపామంటే, మంచాన పడ్డవాడి డాబా కాజేశారంటారు. జరపకపోతే ఆ తీగ చచ్చిపోతుంది. చచ్చిపోతే ఆ మనిషి ముఖం ఎలా చూడాలి? రెండు రాత్రులు నిద్ర పోలేదుట. మూడో రోజు పొద్దున్న చీర కుచ్చిళ్ళు దోపుకుని, పట్టవే తాయారూ, తిట్లు తినడం నాకు అలవాటే అంది. నేనూ వెళ్ళి ఒక చెయ్యి వేశాను. ఇరవై ఒక్క కుండీలూ ట్యాంకు నీడకి చేరాయి. నడుమ ఖాళీ అయిన చోట వరహాలమ్మ గుడ్డ పరిచి వడియాలు పెట్టింది గానీ, ఆవిడ ముఖంలో గెలిచినట్టు లేదు. దొంగతనం చేసినట్టుంది.

ఆయన్ని ఆసుపత్రి నించి తీసుకొచ్చిన రోజు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద మోసుకొచ్చారు. దారిలో ఒక్క చెప్పుల స్టాండు లేదు, డ్రమ్ము లేదు. తన గుమ్మం దగ్గర దింపబోతే ఆయన వద్దన్నారు. డాబా మీదకి తీసుకెళ్ళండి అన్నారు. వరహాలమ్మ మా వెనకాల గోడకి ఆనుకుని నిలబడింది, నా చెయ్యి పట్టుకుని. 

పైకెళ్ళి, నడుమ ఖాళీ చూసి, ఆయన అటూ ఇటూ వెతుక్కున్నారు. ట్యాంకు పక్కన కుండీలు కనబడ్డాయి. చాలాసేపు చూశారు. విరజాజి పూయలేదర్రా, అబద్ధం చెప్పను. కానీ ఎండు కొమ్మల మధ్య లేతాకుపచ్చగా చిగుళ్ళు, ఇంతింత, వేలి గోరంత.

"ఎవరు జరిపారు?" అన్నారాయన.

వరహాలమ్మ ముందుకొచ్చింది. "నేనే. మా తాయారుని ఏమీ అనకండి. మాడిపోతుంటే చూళ్ళేక జరిపాను. మళ్ళీ నడుమకే పెట్టమంటే ఇప్పుడే పెట్టేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "మా సుందరి పెట్టుకున్న చోటు ఇదేనమ్మా. ట్యాంకుకి సున్నం వేసినప్పుడు నేనే నడుమకి జరిపాను. తిరిగి ఇక్కడ పెడదామనుకుంటూ ఉంటే మీరొచ్చి జరపమన్నారు. మీరు జరపమన్నాక ఇంక నేనెలా జరుపుతాను?"

అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు నవ్వింది తాయారు. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. తర్వాత పెద్దాయనే నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశారు. వరహాలమ్మకి రెండు చేతులూ జోడించి, "ప్రాణం పోశారు తల్లీ" అన్నారు. ఆవిడకి అలాంటి మాటలకి ఏం చెప్పాలో తెలీదు కదా. "చాల్లెండి. నీళ్ళు కట్టకుండా పడిపోతారా ఎవరైనా? నా మిరపకాయలన్నీ నాశనం" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే జగ్గరాజు గారు డాబా తలుపుకి పై గడియ ఊడదీయించేశారు. గోడ మీది కాగితాలు కూడా తనే గోరుతో గీకి తీసేశారు. తర్వాత ఎప్పుడూ అంటించలేదు. అంటే పోట్లాటలు మానేశారని కాదు. వరహాలమ్మా పెద్దాయనా మళ్ళీ పోట్లాడుకునేవారు, కాకుల మీద, గాలికెగిరిన తువ్వాళ్ళ మీద. కానీ ఒక పూట ఆయన గొంతు వినపడకపోతే ఆవిడ తలుపు తట్టేది. ఒక పూట ఆవిడ గొంతు వినపడకపోతే ఆయన చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. తాయారు చూలాలైనప్పుడు ఆయన రోజూ పొద్దున్న డాబా మీద నాలుగు మూలలా ఒకటికి రెండుసార్లు తుడిపించేవారు, తడి ఉంటే జారుతుందని.

ఇంకొకటి మిగిలింది. అది చెబితే గానీ నాకు కథ పూర్తయినట్టుండదు. 

దక్షిణామూర్తి గారు ఆసుపత్రి నించి వచ్చిన పది రోజులకి నేను ఒక గిన్నెడు పాయసం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చున్నారు. గిన్నె అక్కడ పెట్టి, నిలబడే చెప్పేశాను. ఆ రోజు మీరు గొట్టం మీద కొట్టిన చప్పుడు నాకు వినపడింది, అన్నయ్యగారూ. వరహాలమ్మ పైకి రాకముందే వినపడింది. దెయ్యమేమో అని భయపడి తలుపేసుకున్నాను. నన్ను క్షమించండి అన్నాను.  ఆయన ఏమంటారో, ఇంక నా ముఖం చూడరేమో అనుకున్నాను.

 ఆయన ముఖం విప్పారింది.

"వినపడిందా అమ్మా? నిజంగా?" అన్నారు. "అలా పడి కొడుతూ ఉంటే, ఇంత పెద్ద మేడలో ఎవరికీ వినపడడం లేదు, నేనొక్కణ్ణే ఉన్నాను అనుకున్నాను. ఆ నెలంతా ఆసుపత్రిలో అదే మనసులో మెదిలేది. వినపడిందన్నమాట. మంచి మాట చెప్పారు."

ఆ మాటంటూ పాయసం గిన్నె దగ్గరికి తీసుకుని, మీరు కూడా కూర్చోండి, ఇద్దరం తిందాం అన్నారు. తిన్నాం. ఆ పెద్దాయన మంచితనానికి నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ వరహాలమ్మ నోటికి కూడా. ఆ నోరే లేకపోతే ఆ రోజు నేను చేసిన తప్పు జన్మంతా నా మెడకి ఉండిపోయేది.

అంచేత చెబుతున్నాను, వినండి. గోడకి గోడ ఆనుకుని బతికేటప్పుడు పక్కవాళ్ళ చప్పుడు విసుగ్గానే ఉంటుంది. కుర్చీ లాగుతారు, నీళ్ళు కారుస్తారు, మన చోట్లో వాళ్ళ బట్టలారేస్తారు. పోట్లాడాలనిపిస్తే పోట్లాడండి, తప్పులేదు. కానీ తలుపుకి గడియ మాత్రం పెట్టకండి. ఎక్కడైనా టక్ అని వినపడితే దెయ్యమో మనిషో, వెళ్ళి ఒకసారి చూసి రండి. తెలిసిందా?

తాయారుకి ఆడపిల్ల పుట్టింది. వరహాలమ్మ వడియాలు ఆ వీధంతా తిన్నది, మేమూ తిన్నాం. అందరూ చల్లగా ఉన్నారు. ఏవిట్రా పృథ్వీ, ఊ వినపడడం లేదే? లాస్యా? పడుకున్నారు గావును. సరే మరి, కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరదాం.